ఓబులేసు మామ పంక్చర్ అంగడి

ఓబులేసు మామకు సైకిలు తప్ప వేరే లోకం లేదు. కళ్యాణదుర్గం నుంచి కొండల వైపు పోయే దారి మలుపులో, నాలుగు రేకుల కింద, ముప్పై ఏళ్లుగా పంక్చర్లు వేస్తున్నాడు. పక్కనే ఆయన భార్య బయమ్మత్త బోండాలు వేసేది. బేరం లేనప్పుడు గాలి కూడా కొట్టేది, మామ కంటే గట్టిగా. ఆ మలుపు పక్కనే ఉన్న మా ఊరి పిల్లలందరికీ సైకిలు నేర్పింది మామే. పడితే లేపేవాడు కాదు. "లెయ్యప్పా, నేలకేం కాలేదులే" అనేవాడు.

నాకూ ఆయనే నేర్పాడు. అలాంటి మనిషి కంట పడకూడదని నేను పడ్డ పాట్లు చెబుతాను వినండి.

మేము ఊరు వదిలి అనంతపురం చేరి పదేళ్లయింది. అక్కడ ఒక ప్రైవేటు ఆస్పత్రిలో నేను గుమాస్తాని. 2021 మే నెలలో బయమ్మత్తకు ఊపిరాడడం లేదని మామ నాకు మెసేజీ పెట్టించాడు, ఆ వెంటనే ఫోన్ల మీద ఫోన్లు చేశాడు. పడకలు లేవు. లేవని చెప్పడానికైనా ఫోన్ ఎత్తాలి కదా! ఎత్తలేదు. పొద్దున్నుంచి అందరికీ లేదు లేదని చెప్పి నోరు పడిపోయిందని నాకు నేనే సర్దిచెప్పుకొని, ఫోన్ బోర్లా పెట్టాను. రెండో రోజు అత్త పోయిందని ఊరివాళ్ల వాట్సాప్ గ్రూపులో చూశాను. చూడనట్టే ఊరుకున్నాను. వెళ్లకపోవడానికి కరోనా సాకు బాగానే పనికొచ్చింది.

జూన్ చివర్లో కర్ఫ్యూ సడలించారు. కళ్యాణదుర్గంలో ఇంటి నుంచే బెంగళూరు ఉద్యోగం చేస్తున్న నా స్నేహితుడు శశి, గేర్ల సైకిళ్లు రెండు సంపాదించి, "రెండు నెల్లు ఇంట్లోనే కుళ్లినాం. కొండలెక్కుదాం రారా" అన్నాడు. శనివారం బాగానే గడిచింది. గాలిమరల కింద ఎర్రమట్టి దారుల్లో ఎక్కాం, దిగాం, కేకలు పెట్టాం. ఆ మలుపు తగలకుండా దారులన్నీ నేనే ఎంచాను. ఆదివారం కొండ దిగుతుంటే నా ముందు టైరులో తుమ్మముల్లు దిగింది. శశి చుట్టూ చూసి, కింద రోడ్డు పక్కన వేలాడుతున్న పాత టైరును చూపించాడు.

"అదో, పంక్చర్ అంగడి!"

కాళ్లీడ్చుకుంటూ పోయాను. హెల్మెట్, నల్ల కళ్లద్దాలు, మాస్కు. నోరు విప్పకపోతే చాలనుకున్నాను. బోండాల పొయ్యి చల్లగా ఉంది. దాని మీద మామ పానాల డబ్బా పెట్టుకున్నాడు.

ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచుతూ, "యా ఊరప్పా మీది?" అన్నాడు. మామూలు ప్రశ్నే. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, నేను మాస్కు ఇంకా పైకి లాక్కున్నాను. "కళ్యాణదుర్గమేనన్నా" అని శశి జవాబిచ్చాడు.

మామ ప్యాచ్ వేశాడు. గాలి కొట్టాడు. పంపు తీయగానే నా చెయ్యి నన్ను అడక్కుండానే కదిలింది. మాస్కు కిందికి లాగి, వేలికి ఉమ్ము తడి చేసుకొని వాల్వు మీద పెట్టి, బుడగ వస్తుందేమోనని వంగి చూశాను. ఎనిమిదేళ్లప్పుడు మామ నేర్పిన పద్ధతి.

"థూ, ఈ కాలంలో ఉమ్మేందిరా!" అని శశి నవ్వాడు. మామ నవ్వలేదు.

"అంజీ!" అన్నాడు. "బాగుండావా నాయనా?"

తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే బతికిపోయేవాణ్ణి.

"బయమ్మ పోయినంక గూడా నీకు మూడు తూర్లు ఫోన్ చేసినా. ఎత్తకపోతివి. ఆస్పత్రిలో ఉండేవానివి, నిన్ను గూడా పట్టుకుండాదేమో ఆ రోగమని బయపడితి. ఎవుర్నన్నా అడగాలన్నా బయమే, యా మాట ఇనాల్సొస్తాదో అని. నీ నెంబరు తీసేయనీకె చెయ్యి రాల్యా."

తిట్టడానికే చేస్తున్నాడనుకొని, ఆ మూడు ఫోన్లనూ ఆగేదాకా చూసి తుడిచేసినవాణ్ణి నేను. "పడకలు లేకుండె మామా" అనబోయాను. ఆ మాట మే నెలలో చెప్పాల్సింది.

మామ తడిచేతులు పంచెకు తుడుచుకున్నాడు.

"ముందు మూతికి గుడ్డ లాక్కోప్పా. అది ఇంగా పోలేదంట."

పొద్దున్నుంచీ నా ముఖాన్ని దాచిన గుడ్డ అది. పైకి లాక్కోవడానికి నాకు చెయ్యి రాలేదు.