కారులో చోటు

దేశం కాని దేశంలో, పెండిల్ హిల్ అనే పేటలో ఒక హాలు వెనక గదిలో ఆదివారం పొద్దున మన తెలుగు పిల్లలకు లెక్కలు చెప్పేవాణ్ణి. నాకు కాలేజీ చదువు లేదు. లెక్క సొంతంగా పట్టుబడింది. వై టూ కే పనులు అయిపోయి, కంప్యూటర్ కాంట్రాక్టులు ఒక్కొక్కటే తెగిపోతున్న కాలమది. బ్లాక్‌టౌన్ నుంచి వచ్చే ఒక అమ్మాయి తండ్రికీ పని పోయి, కారు అమ్మేశాడు. అప్పటినుంచి వాళ్ళ పక్కవీధి ఆవిడ తన ఇద్దరు పిల్లలతోపాటు ఆ అమ్మాయినీ కారులో తెచ్చి, క్లాసయ్యేదాకా వెనక కుర్చీలో కూర్చునేది.

ఒకరోజు ఆ అమ్మాయి, అమెరికాలో నల్లవాళ్ళ హక్కుల పోరాటం మీద స్కూల్లో ప్రాజెక్టు ఇచ్చారు, చెప్పమంది. నాకు తెలిసిన దారి లెక్కే. బోర్డు మీద బస్సు గీశాను. ముందు వరసలు తెల్లవాళ్ళకి, వెనకవి నల్లవాళ్ళకి. వెనక నిండిపోయింది, ముందంతా ఖాళీ. ఇంకో నల్లావిడ ఎక్కింది. ఎక్కడ కూర్చోవాలి?

"ముందు!" అన్నారందరూ.

"కూర్చోకూడదు. నిలబడాలి."

"దట్స్ సో డంబ్ అంకుల్! సీట్లున్నాయిగా!" అన్నాడు కారు ఆవిడ కొడుకు.

ఒక ఊళ్ళో నల్లవాళ్ళంతా బస్సెక్కడం మానేసి, ఏడాది పైగా పనులకు నడిచే వెళ్ళారని చెప్పాను.

"మా తాతయ్యకి కూడా ఇలాగే అంకుల్," అంది ఆ అమ్మాయి హుషారుగా. "టీ కొట్లో ఆయనకి సెపరేట్ గ్లాస్. బయట చూరులో పెట్టేవాళ్ళంట. తాగి తనే వాష్ చెయ్యాలంట. నాన్న చెప్పాడు. ప్రాజెక్ట్‌లో రాయొచ్చా?"

"తప్పకుండా రాయమ్మా," అన్నాను.

పిల్లలకు అదొక కథ. వెనక కుర్చీలో ఆవిడకు కాదు. అంతకుముందు ఆవిడ ఆ తండ్రిని ఇంటిపేరు అడగడం, ఆయన "వానొచ్చేలా ఉందండీ" అని మాట తప్పించడం నేను విన్నాను. ఇక అడగాల్సిన పని తీరిపోయింది.

తర్వాతి ఆదివారం అమ్మాయి రాలేదు.

"పాప ఏదమ్మా?" అన్నాను.

"చోటు చాలట్లేదు మాస్టారూ. మా పిల్లలు పెద్దవాళ్ళవుతున్నారుగా."

కిటికీలోంచి కారు కనిపిస్తోంది. మొన్నటిదాకా చాలిన కారే. నేను బోర్డు వైపు తిరిగి భిన్నాలు మొదలుపెట్టాను.

ఆ పై వారం తండ్రీకూతుళ్ళు రైలు దిగి వానలో నడిచి వచ్చారు. అప్పటికి క్లాసు అయిపోయి అందరూ వెళ్ళిపోయారు. అమ్మాయి చార్టు విప్పి చూపించింది. ఒకవైపు బస్సు, ఒకవైపు చూరులో గ్లాసు. టీచరు మెచ్చుకుందట.

"బాగా చేసిందండీ," అన్నాను తండ్రితో.

"చేస్తుంది మాస్టారూ. అందరికీ చెప్పేస్తుంది కూడా. అదే భయం. ఇక రాలేం. దేశం ఆ చివర డార్విన్‌లో ఏదో పని దొరికింది. అక్కడ మనవాళ్ళు పెద్దగా లేరట," అన్నాడు, అదొక సౌకర్యంలా.

అమ్మాయి చార్టు చుడుతూ నన్నడిగింది: "ఆంటీ కారులో సీట్ ఖాళీగానే ఉంది అంకుల్. పొద్దున వాళ్ళు మా వీధిలోంచి వెళ్తుంటే చూశాను. మరి చోటు లేదని ఎందుకు చెప్పారు?"

నేను డస్టరు తీసుకుని బోర్డు తుడవసాగాను.

"వాళ్ళ బ్యాగులు పెట్టుకోవాలమ్మా," అన్నాడు తండ్రి. చార్టు తీసుకుని, తడవకుండా తన చొక్కాలోకి దోపుకున్నాడు. "పద, రైలు తప్పిపోద్ది."