తోలు లేని కుళాయి

కుళాయి ధార సన్నబడితే నేను ఇప్పటికీ చేస్తున్న పని వదిలేసి లేస్తాను. చూసేవాళ్లు నవ్వుతారు. నవ్వనీ. స్నానాల గదిలో ఎవరైనా ఉండగా నీళ్లు తగ్గాయంటే, "ఎవరున్నారు లోపల, ముందు గడియ తియ్యండి" అని కేక వేసేదాకా నాకు ఊపిరాడదు. ఈ జబ్బు నాకు గద్వాలలో పట్టుకుంది. నేను కాపురానికి వచ్చిన కొత్తలో, మా ఆయన ఇంట్లో వాన కురిపిస్తానని బయలుదేరినప్పుడు.

ఆయన చీరలు పట్టుకుని రాయచూరు వెళ్లినప్పుడు అక్కడొక పెద్దింట్లో, తలమీంచి నీళ్లు జల్లుగా పడే స్నానం చూసొచ్చాడు. ఇక ఆ వారమంతా అదే ధ్యాస. మగ్గం గుంటలో కూర్చుంటే పక్కన పిడుగు పడినా తలెత్తని మనిషి, పోగుల మధ్య విసరాల్సిన నాడె చేతిలోనే పట్టుకుని మిద్దె కప్పు వైపు చూస్తూ కూర్చునేవాడు. చివరికి ఎక్కడినుంచో ఒక పాత రాగి బాయిలరు తెచ్చాడు. దాని నడుమ గొట్టంలో బొగ్గులు వేస్తే చుట్టూ ఉన్న నీళ్లు కాగుతాయి. మిద్దె మీద ఇనుప పీపా పెట్టాడు. పీపాలోని చన్నీళ్లు ఒక గొట్టం గుండా బాయిలరు అడుగుకు దిగుతాయి. అవి తోసే తోపుకి, కాగిన నీళ్లు పైనున్న ఇంకో గొట్టంలోకి ఎక్కి, చిల్లుల పళ్లెంలోంచి తలమీద పడతాయి. చన్నీళ్లు వచ్చే దారిలో కింద ఒక కుళాయి, వేన్నీళ్లు పోయే దారిలో పైన ఒక కుళాయి. కిందిది ఎప్పుడూ తెరిచే ఉండాలి, స్నానం చేసేవాళ్లు తిప్పవలసింది పైదాన్నే. ఈ సంగతి ఇంట్లో అందరికీ చెప్పాడు, చూడవచ్చిన వీధివాళ్లకూ చెప్పాడు. మిద్దె మీదికి బిందెలు మోసి పీపా నింపేది ఎవరో మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఈ హంగామా అంతా నిజానికి మా అత్త కోసం. ఆమె అంతకుముందు ఏడు బావి దగ్గర జారిపడింది. అప్పటినుంచి నడుం వంగదు, చెంబెత్తి నెత్తిన పోసుకోవడానికి చెయ్యి లేవదు. నేను పోస్తానంటే ఒప్పుకోదు. తలస్నానం చేసి దేవుడి దగ్గర లేచేదాకా ఆమెది మడి. మడిలో ఉండగా నా కొంగు గాలి తగిలినా మళ్లీ స్నానానికి పోయేది. వంటింట్లో నేను ఒక మూల, ఆమె ఒక మూల. ఇంటి కోడల్ని కదా, నా చేతి అన్నం తింటుంది కదా, స్నానం దగ్గర మాత్రం నేనెందుకు అంటరానిదాన్నయ్యానని నాకు లోలోపల మంటగా ఉండేది. మనిషి చెయ్యి తగలకుండా వాటంతట అవే పడే నీళ్లయితే అమ్మకు ఇబ్బంది ఉండదని ఆయన ఆలోచన.

ఆమె వచ్చి, చుట్టూ తిరిగి చూసి, కుళాయి మీద వేలు పెట్టింది.

"దీన్లోపల ఏముందిరా?"

"తోలు బిళ్ల ఉంటదమ్మా. అది లేకుంటె నీళ్లు కారుతయి."

"తోలా?" ఆమె వేలు వెనక్కి లాక్కుంది. "సచ్చిన గొడ్డు తోలు కడిగిన నీళ్లు నెత్తిన పోస్కొని దేవుని ముందల కూసోవాల్నా నేను? గట్లయితె నీ వానొద్దు, ఏమొద్దు."

ఆయన ముఖం చూస్తే జాలేసింది. ఒకపూట ఆలోచించి రెండు కుళాయిలూ విప్పి తోలు బిళ్లలు తీసేశాడు. వాటి బదులు నూలు చుట్టాడు. అదీ ఉత్త నూలు కాదు, మగ్గం మీద చీర కోశాక మిగిలిన పడుగు కొసలు. గంజి తాగి బిర్రుగా ఎండిన పోగులు.

"మెత్తని నూలు ఆగదు. గంజి పట్టిన పోగయితె తీగ లెక్క నిలవడ్తది" అన్నాడు.

మా ఇళ్లలో గంజి అంటే బలం. గంజి పెట్టని పోగు మగ్గం మీద నిలవదు, తెగిపోతుంది. పుట్టినప్పటినుంచి చూస్తున్నది అదే. కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. నాకూ రాలేదు, ఆ పడుగుకు గంజి పూసింది నేనే అయినా.

మా అత్త ఆ నీళ్ల కింద నిలబడింది. నడుం మీద వేడి నీళ్లు పడుతుంటే లోపలినుంచి "అబ్బా, అబ్బా" అని హాయిగా మూలగడం మాకు వినిపించింది. ఆయన మగ్గంలో కూర్చుని తనలో తాను నవ్వుకున్నాడు. ఆ నవ్వు చూసి బిందెల మోత కూడా మరిచిపోయాను.

కొన్నాళ్లకు ధార సన్నబడడం మొదలైంది. ఆయన పళ్లెం విప్పి సూదితో ఒక్కొక్క చిల్లూ పొడిచాడు. మా బావి నీళ్లకు తెల్లగా పొర కడుతుంది, అది రాలింది. ఒకరోజు బాగా వచ్చి మళ్లీ తగ్గింది. పీపాలో ఆకు పడిందేమోనని వడగట్టాడు. లేదు. నేను చెప్పాను, "పీపా మునుపటి లెక్క ఖాళీ అయితలేదు. నీళ్లు కిందికి దిగుతలేవు చూడు" అని.

"గదే గద నేను అంటున్నది. ఎత్తు సాలదు, జోరొస్తలేదు" అని పీపా కింద ఇంకో వరస బండలు పెట్టాడు. ఎత్తు పెరిగింది. నాకు బిందె ఎత్తే బాధా పెరిగింది. ధార పెరగలేదు.

అది చలికాలం. ఆ పొద్దున మంచు పట్టి వీధి అరుగులన్నీ తడిగా ఉన్నాయి. "నీళ్లెట్లాగు సన్నగొస్తయి, జర ఎక్కువ కాగవెడ్త" అని ఆయన బాయిలరు గొట్టం నిండా బొగ్గులు కుక్కాడు. మా అత్త లోపలికి పోయి గడియ వేసుకుంది. బాయిలరూ ఆ గదిలోనే, తలుపు పక్కనే. గది ఎంత ఇరుకంటే దాన్ని ఒరుసుకోకుండా పోవాలంటే ఒత్తిగిలి నడవాలి.

"ఇంకింత సన్నగైనయిరో" అని మొదట కేక. కాసేపటికి, "కాలుతున్నయిరా! నెత్తి కాలుతున్నది!" ఆ వెంటనే కుళాయి కిర్రుమన్న చప్పుడు. "బంద్ చేసిన. సల్లారినంక చేస్త" అంది.

నేను హమ్మయ్య అనుకున్నాను. మా ఆయన మాత్రం గోడ పక్కనున్న గొట్టానికి చెవి ఆనించి నిలబడ్డాడు.

"నీళ్లు దిగుతలేవే. సుక్క గూడ దిగుతలేదు" అన్నాడు నాతో.

అప్పుడు నాకూ తెలిసింది. కింద చన్నీళ్ల దారి మూసుకుపోయింది. పైన వేన్నీళ్ల దారిని ఆమె చేతులారా మూసింది. నడుమ మూత బిగించిన రాగి పాత్ర, దాని కడుపులో భగభగ మండే బొగ్గులు, పక్కన మా అత్త.

"అమ్మా, పై కుళాయి తిప్పు! జల్ది తిప్పు!"

"కాలుతున్నయంటె తిప్పుమంటవేందిరా? మతి ఉన్నదా?"

"అయితె తలుపు తీసి బయటికి రా!"

"ఒంటి మీద బట్ట లేదు. కొడుకువు బయట నిలవడి తలుపు తియ్యమంటవా?"

"నేను పోతనమ్మా. నీ కోడలుంటది."

"అది ముట్టుకుంటది. నా మడి వోతది."

కోపంతో నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంతలో బాయిలరు రొద మొదలుపెట్టింది. మొదట తుమ్మెద రొద, తర్వాత లోపలినుంచి ఎవరో సుత్తితో కొడుతున్నట్టు దడదడ. ఆ చప్పుడుకు మా అత్త గొంతు మారిపోయింది.

"ఇది గిట్ల మొత్తుకుంటున్నదేందిరా? నేను మూలకు కూలవడ్డ. నడుం పట్టింది. లేవనొస్తలేదురా, నాయినా!"

ఆయన తలుపును భుజంతో గుద్దాడు. పాతకాలపు టేకు తలుపు, కదల్లేదు. రెక్కల మధ్య సన్నటి సందు ఉంది, గడియ పైకి లేపితే ఊడుతుంది. కానీ ఆ సందులో వేలు కూడా పట్టదు. చుట్టూ చూసి ఒక్క ఉరుకున మగ్గం దగ్గరికి పోయాడు. కొత్తగా ఎక్కించిన పడుగు, ఒక పోగు పైకి ఒక పోగు కిందికి విడదీసి పట్టే సన్నటి వెదురు బద్దలు దానిలో ఉన్నాయి. ఆ బద్ద తీస్తే పోగుల వరస పోతుంది, పడుగంతా చిక్కుపడుతుంది. మగ్గం మీద నేను చెయ్యి ఆనిస్తేనే కసురుకునే మనిషి.

"అది గుంజకు!" అని అరిచాను. ఆయన నా వైపు కూడా చూడలేదు. సర్రున లాగాడు.

బద్ద సందులోంచి పోయింది. ఒకసారి జారింది, రెండోసారీ జారింది. మూడోసారి గడియ లేచింది. ఆయన గోడ వైపు తిరిగి, "నువ్వు పో" అన్నాడు.

లోపలంతా ఆవిరి. బాయిలరు అతుకుల్లోంచి సన్నగా బుసకొడుతోంది. మా అత్త మూలన ముడుచుకుని కూర్చుంది. నన్ను చూసి చెయ్యి అడ్డం పెట్టింది.

"ముట్టుకోకే!"

"నీ మడి సల్లగుండ! లే అత్తా!" అని చంకల్లో చేతులు వేసి లేపాను. ముఖమూ మెడా ఎర్రగా కందిపోయాయి. ఆమెను నాకు ఆనించుకుని ఆ ఇరుకులోంచి ఒత్తిగిలి నడిచాను. తలుపు దగ్గర ఆమె కాలు జారి బాయిలరు మీదికి వాలింది. ఆమె వీపుకూ రాగికీ మధ్య నా కుడిచెయ్యి పెట్టాను. తీసేయడానికి లేదు, తీస్తే ఆమె వీపు తగులుతుంది. అలాగే రెండడుగులు వేసి బయటపడ్డాను. దండెం మీది దుప్పటి లాగి ఆమె మీద కప్పాను.

ఆయన గుమ్మం బయటినుంచే తడిగుడ్డ చుట్టిన కర్రతో పై కుళాయి పిడిని తోసి తిప్పాడు. ఒక్కసారిగా ఆవిరి ఎగిసింది. చిల్లుల పళ్లెం ఊడి ఎదురు గోడకు తగిలి, బండ మీద గిరగిరా తిరిగి పడింది.

చల్లారాక ఆయన కింది కుళాయి విప్పాడు. నూలు లేదు అక్కడ. గంజి నాని, పక్కనున్న బాయిలరు వేడికి కాగి, పోగులతో కలిసి ఉబ్బి, దారినిండా బంకముద్ద. అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. నేను ఏదో ఒకటి అనేదాన్నే. కానీ అవతల పడుగు ఎలా చిక్కుపడి ఉందో చూశాక నోరు రాలేదు.

మా అత్త అరుగు మీద కూర్చుని నా చెయ్యి తన ఒళ్లోకి లాక్కుంది. సున్నపుతేటలో నూనె కలిపి తనే వేలితో రాస్తోంది. నేను మంటకు ఏడుస్తున్నాను.

"తోలంత లేసిపాయె గదనే పిల్లా" అంది. ఆ మాట అని ఆగింది. నా చెయ్యి వదలకుండానే కొడుకును పిలిచింది.

"తోలు బిళ్లలు పారేసినవా?"

"ఉన్నయమ్మా."

"పెట్టు వాటిని."

"నువ్వే గద మైలంటివి?"

"పెట్టుమంటున్న గద. ఏడిపియ్యకు."

ఆయన పెట్టాడు. ధార మునుపటి జోరుతో వచ్చింది. కానీ ఆమె మళ్లీ దాని కింద నిలబడలేదు, భయం పోలేదు. మర్నాడు పొద్దున స్నానాల గదిలో పీట వేసుకుని కూర్చుని, గడియ వేయకుండా, "ఏమే, రా. వొచ్చి నీళ్లు పొయ్యి" అని పిలిచింది. కుడిచేతికి గుడ్డ కట్టుంది, ఎడమచేత్తో చెంబు ముంచి పోశాను. నీళ్లతో పాటు నా కన్నీళ్లూ ఆమె నెత్తిన పడ్డాయి, ఆమెకు తెలియలేదనుకుంటాను. స్నానమయ్యాక లేవడానికి నా కట్టుకట్టిన చేతిని మణికట్టు దగ్గర పట్టుకుంది. లేచాక చెయ్యి కడుక్కోలేదు. ఆ చేత్తోనే పోయి దేవుడికి దీపం పెట్టింది.