వేలు పెట్టి చూపించిందా

మా పాపకు మూడేళ్లు నిండినా ఒక్క మాట రాలేదు. ఆటిజం ఉందేమో పరీక్ష చేయించమన్నారు. మా ఆయన లారీలతో తిరుగుతుంటాడు కాబట్టి, కంప్లి నుంచి బళ్లారి ఆసుపత్రికి బస్సులో నాకు తోడుగా మా అత్త వచ్చింది. దారి పొడవునా ఒకటే పాఠం. డాక్టరమ్మ ఏమడిగినా బాగుందనే చెప్పాలట, బిడ్డ లోపం మన నోటితో మనం బయటపెట్టకూడదట. ముగ్గురు కూతుళ్లకు పెళ్లిచూపులు జరిపించిన మనిషి మరి! నాకు ఒళ్లు మండింది. కానీ లోపల నాకూ అదే ఆశ, బాగుందని చెబితే బాగుంటుందేమోనని.

డాక్టరమ్మ పాపను బొమ్మల దగ్గర వదిలి, మమ్మల్ని కన్నడంలో ప్రశ్నలు అడగడం మొదలుపెట్టింది. పిలిస్తే తిరిగి చూస్తుందా, తోటిపిల్లలతో ఆడుతుందా అని. ప్రతిదానికీ అత్తే ముందు అందుకుని, చూస్తుంది, ఆడుతుంది అని గుక్కతిప్పుకోకుండా చెప్పేస్తోంది. నేను తలూపుతున్నాను, సిగ్గులేకుండా. డాక్టరమ్మ రాసుకుంటోంది. అంతా బాగుందని రాసేస్తే బిడ్డకు అందాల్సిన సాయం అందదని నాకు అప్పటికి గాని తట్టలేదు.

డాక్టరమ్మ ఉన్నట్టుండి తెలుగులో నన్నే అడిగింది.

"మీరు చెప్పండమ్మా. తనకు నచ్చింది ఏదైనా మీకు వేలు పెట్టి చూపించిందా?"

మా వీధిలో ఆరబోసిన వడ్ల మీద పిచ్చుకలు వాలితే, పక్కింటి పిల్ల పరుగెత్తుకొచ్చి వాళ్లమ్మ కొంగు లాగి చూపిస్తుంది. నా బిడ్డ కూడా చూస్తుంది, కన్నార్పకుండా, తనొక్కతే. కొంగు పట్టుకుని ఒక్కసారి లాగితే చాలని నేనెంత మొహం వాచి ఉన్నానో ఎవరికీ చెప్పుకోలేదు.

"ఒక తూరి గూడా ల్యా మేడం," అన్నాను. "మా యత్త చెప్పిందంతా మేం కోరుకునేది. ఉండేది అది కాదు."

అత్త వైపు చూడటానికి భయమేసింది. అక్కడే కడిగేస్తుందనుకున్నాను. ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుని డాక్టరమ్మతో అంది.

"ఎమ్మిగనూరులో కూతురింట్లో పది దినాలుండి వచ్చినా, ఈ పాప నా దిక్కు చూడదు మేడం. ఈ తూరన్నా చూస్తాదేమోనని సంచి దించకుండా వాకిట్లోనే నిలబడుకోనుంటా."