రెండు గీతల నడుమ

మొన్న మా చెల్లెలి కూతురు కాలేజీ నుంచి వస్తూ మా వాకిట్లో స్కూటీ ఆపి, ఆయిల్ మార్చే సమయమైందని ఫోనుకే సందేశం వచ్చిందంటూ ముచ్చటగా చూపించింది. మార్చిన తర్వాత సరిపడా పోశారో లేదో చూసుకుంటావా అని అడిగాను. అదంతా కంపెనీ వాళ్లే చూసుకుంటారట. నవ్వుతూ చెప్పి వెళ్లిపోయింది. నేను మాత్రం చాటలోని బియ్యం అలాగే పెట్టుకుని చాలాసేపు కూర్చుండిపోయాను. మన ఈడు వాళ్లకు చెబితే అర్థమవుతుంది గానీ, ఆ పిల్లకు ఎట్లా చెప్పను, ఒక పుల్లకు అంటిన నూనె కోసం నేను నలుగురు మగవాళ్ల మధ్య నిలబడి కొట్లాడిన సంగతి?

రాష్ట్రం వచ్చిన కొత్తలో మాది పాల బతుకు. మర్రిగూడ చుట్టుపక్కల ఊళ్లలో ఇంటింటికీ తిరిగి పాలు పోయించుకుని, రెండు పెద్ద క్యాన్లు మోటార్‌సైకిలుకు చెరోవైపు తగిలించుకుని, ఎండ ఎక్కకముందే పాల కేంద్రానికి చేర్చే పని మా ఆయనది. పుట్టి పెరిగింది అక్కడి ఫ్లోరైడ్ నీళ్ల మీదే కాబట్టి నలభై దాటేసరికి ఆ నీళ్లే ఆయన ఎముకల్లోకి దిగాయి. మొదట మెడ పట్టేసింది, తర్వాత నడుము. ఎవరైనా వెనక నుంచి పిలిస్తే తల తిప్పలేక మనిషి మొత్తంగా తిరిగేవాడు. ఒకరోజు కిక్ కొట్టబోయి కాలు ఎత్తలేక బండితో సహా పడిపోయాడు. పాలన్నీ మట్టిపాలయ్యాయి. ఆయన లేచి కూర్చోవడానికి కూడా ఇద్దరు మనుషులు పట్టాల్సి వచ్చింది.

ఆ వారంలోనే నేను బండి నేర్చుకున్నాను. అప్పటికి నాకు నలభై మూడేళ్లు. పొలం పనికి పోయినట్టే చీర గోచి పెట్టి కట్టి, పైన మా ఆయన పాత చొక్కా తొడుక్కుని, ఊరవతల బీడు జాగాలో ఎన్నిసార్లు పడ్డానో లెక్క లేదు. మా అత్త మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు తనే మోకాలికి పసుపు పూసి, పడితే పడ్డవుగానీ క్యాన్లు కట్టుకున్నంక పడకు అని చెప్పి లోపలికి వెళ్లింది. అంతకుమించిన ఆశీర్వాదం నాకు ఎవరూ ఇవ్వలేదు. దారి పొడవునా నన్ను ఆగి ఆగి చూసిన వాళ్లున్నారు, గేదెల్ని తోలడం ఆపి మరీ చూసిన వాళ్లున్నారు. మా పాల ఇండ్ల మీద కన్నేసిన ఆటో అతను ఒకడు, ఆడమనిషి బండి ఎన్ని రోజులు నడుస్తుందిలే అని ఊరూరా చెప్పుకుంటూ తిరిగేవాడు. బండి ఒక్క పూట ఆగితే పాలు విరుగుతాయి, రెండు పూటలు ఆగితే ఇండ్లు అతని వైపు తిరుగుతాయి. అందుకే ఆ బండి ఆరోగ్యం నాకు మా ఆయన ఆరోగ్యమంత పని అయింది.

మొదటిసారి ఆయిల్ మార్పించిన రోజు నేను తప్పు చేశాను, అది కూడా చెప్పాలి. చౌరస్తాలో ఉన్న షెడ్డులో మెకానిక్ ఆయిల్ మార్చి బండి బయట పెట్టాడు. మా ఆయన చూడమన్నాడు కదా అని, పక్క స్టాండ్ మీద ఉన్న బండికి కుడివైపున నూనె చూసే పుల్ల తిప్పి తీశాను. కొనకు కొంచెమే అంటింది. తక్కువ పోశావని గొంతు పెద్దది చేశాను. మెకానిక్ బండిని డబుల్ స్టాండ్ మీద నిటారుగా నిలబెట్టి, పుల్ల తుడిచి మళ్లీ ముంచి తీసి, సరిగ్గా ఉన్న నూనెను నాకు కాదు, చాయ్ తాగుతున్న వాళ్లందరికీ తిప్పి తిప్పి చూపించాడు.

"బండి ఎడమకు ఒరిగితే నూనె గూడ గటే పోతది అక్కా. నువ్వు పాలు కొలుసుకో, గిది మాకిడిసిపెట్టు."

అందరూ నవ్వారు. ఆ నవ్వు నాకంటే ముందే మా ఊరికి చేరింది.

ఆ సాయంత్రం మా ఆయన కుర్చీ వాకిట్లోకి వేయించుకుని నాకు చదువు చెప్పాడు. ఆయన వంగి చూడలేడు కాబట్టి, ఆయన చెబుతుంటే నేను చూసేదాన్ని. సమంగా ఉన్న జాగాలో బండి నిటారుగా నిలబెట్టాలి. ఇంజన్ మూడు నిమిషాలు నడిపి ఆపాలి, పైకెక్కిన నూనె కిందికి దిగేదాకా మరో రెండు మూడు నిమిషాలు ఓపిక పట్టాలి. అప్పుడు పుల్ల తీసి శుభ్రంగా తుడిచి, మర తిప్పకుండా ఊరికే ఆనించి తీసి చూడాలి. పుల్ల మీద రెండు గీతలుంటాయి, నూనె ఆ రెంటి నడుమ ఉండాలి. కింది గీతకు దిగితే ఇంజన్ అరుగుతుంది, పై గీత దాటితే అదీ చేటే. నెల రోజులు ప్రతి పొద్దున పాలకు పోయే ముందు చూశాను. ఎంతుందో ఆయనకు చెప్పకుండా కదలలేదు.

మళ్లీ ఆయిల్ మార్చే రోజు వచ్చినప్పుడు వేరే ఊరి దాకా పోయి మార్పించుకో, ఇక్కడ ఎందుకు అని మా ఆయన అన్నాడు. నేను ఒప్పుకోలేదు. నవ్విన చోటికే పోతానన్నాను. పాలు దింపేసి బండి అప్పగించి, ఇంట్లోకి సామాను తెచ్చుకుని తిరిగి వచ్చేసరికి బండి సిద్ధంగా ఉంది. చాయ్ బల్ల మీద అప్పటి మనుషులే ఉన్నారు. ఖాళీ క్యాన్లు కట్టి ఉన్న బండిని నేనే డబుల్ స్టాండ్ మీదికి ఎక్కించాను, ఇంజన్ నడిపాను, ఆపాను, చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఆ రెండు నిమిషాలూ నా వీపు మీద వాళ్ల చూపులు కాలుతూనే ఉన్నాయి. పుల్ల తుడిచి ముంచి తీశాను. నూనె కింది గీతను కూడా అందుకోలేదు. నమ్మలేక ఇంకోసారి ముంచాను. అంతే.

"మల్ల పక్క స్టాండ్ మీద సూశినవా అక్కా?" అన్నాడు మెకానిక్, అటువైపు చూసి కన్నుగీటుతూ.

"కండ్లు పెట్టి సూడు తమ్మీ. డబుల్ స్టాండ్ మీదనే ఉన్నది. నువ్వే ముంచి తియ్యి."

అతను తీశాడు. చూశాడు. ముఖంలో నవ్వు ఆగిపోయింది. షెడ్డులోకి వెళ్లి బల్ల కింద వెతికితే సగానికి పైగా నూనె ఉన్న సీసా దొరికింది. పోస్తుంటే ఫోనొచ్చిందట, మాట్లాడి వచ్చి మర్చిపోయి మూత పెట్టేశాడట. కావాలని చేసింది కాదని అతని ముఖమే చెబుతోంది. కానీ ఆ కొంచెం నూనెతో ఆ ఎండలో, ఆ గుట్టల దారిలో రెండు రోజులు తిరిగి ఉంటే నా ఇంజన్ పట్టేసేది. ఆ తర్వాత మా పొయ్యి వెలిగేది కాదు. అతని వైపు తిరిగాను.

"మర్సిపోయినవు, సరే. మనిషన్నంక మర్సిపోతరు. నాడు నేను తప్పు సూస్తే గీ అందరి ముందల నవ్వినవు గద? గిప్పుడు నువ్వు తప్పు జేసినవు. గీ అందరి ముందలనే చెప్పు."

చాయ్ బల్ల దగ్గర ఎవరో ఇక పోనియ్యమ్మా అన్నారు. పోనివ్వలేదు. తాళం చెవి గుప్పిట్లో పట్టుకుని అక్కడే నిలబడ్డాను.

"అక్క సూశిందే కరెక్ట్," అన్నాడు చివరికి, గుడ్డతో చేతులు తుడుచుకుంటూ. "తప్పు నాదే."

మిగిలిన నూనె పోశాక కూడా నేను కదలలేదు. మళ్లీ ఇంజన్ నడిపించి, ఆపించి, ఆగి, పుల్ల తీయించి చూశాకే బండెక్కాను. ఊరు దాటాక మాత్రం ఒక తుమ్మచెట్టు పక్కన బండి ఆపుకుని, ఎవరూ లేకుండా చూసుకుని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. అది దుఃఖం కాదు, మరేమిటో ఇప్పటికీ నాకు తెలియదు.

ఇంటికి వచ్చి జరిగిందంతా ఆవేశంగా చెబుతుంటే మా ఆయన ఓపికగా విని, ఒక్కటే అడిగాడు.

"అయితే గిప్పుడు ఎంతున్నది?"

పై గీతకు వెంట్రుకవాసి కిందికి అన్నాను. అప్పుడు నవ్వాడు. ఆ పట్టేసిన నడుముతో నవ్వితే నొప్పి అని తెలిసీ, కుర్చీ చేతులు పట్టుకుని మరీ నవ్వాడు.

ఆ తర్వాత ఎన్నో ఏళ్లు నేను ఆ దారిలో పాలు తెచ్చాను. ఆటో అతను విసిగి వేరే దారి చూసుకున్నాడు. మెకానిక్ నన్ను చూడగానే గుడ్డా పుల్లా తనే తెచ్చి చేతిలో పెట్టేవాడు. బండి ఒక్క పూట కూడా దారిలో ఆగలేదు. మా ఆయనే ముందు ఆగిపోయాడు.

ఇప్పుడు పాల కోసం వ్యాన్లు తిరుగుతున్నాయి. ఇండ్లకు పైపుల్లో మంచినీళ్లు వస్తున్నాయి. ఆ ఊళ్లలో చిన్నపిల్లలు తిన్నని కాళ్లతో పరుగెడుతుంటే, ఈ నీళ్లు ఇంకో నలభై ఏళ్ల ముందు వచ్చి ఉంటే అని ప్రతిసారీ అనుకుంటాను. ఆడపిల్లలు బండ్ల మీద పోతుంటే ఎవరూ ఆగి చూడటం లేదు. అది మేము కొట్లాడి సంపాదించిందేనని వాళ్లకు తెలియకపోయినా ఫరవాలేదు. కానీ మనం అన్ని చూపులు భరించి నేర్చుకున్నదాన్ని, నేర్పమని అడిగేవాళ్లు లేకుండా పోయారే అన్నదొక్కటే నా దిగులు. అడగకపోతే మానె. వచ్చే ఆదివారం ఆ పిల్ల వస్తానంది. స్కూటీ తాళం చెవి నేనే తీసుకుని, పుల్ల ఆమె చేతిలో పెడతాను.