మింగని గుక్క

పరాయి తోట కాఫీ అయితే ఉమ్మేస్తాడు, సొంత తోట కాఫీ అయితే మింగుతాడు. మా పెద్దాయన గురించి తెలుసుకోవాల్సింది ఇంతే. తక్కినదంతా ఇందులోంచి వచ్చినదే.

రుచి చూడటం ఆయన పని. చుట్టుపక్కల కొండల మీద ఎవరి గింజలు అమ్మకానికి వెళ్ళాలన్నా ముందు మా షెడ్డుకు వచ్చేవి. నేను వేయించేదాన్ని, ఆయన రుచి చూసేవాడు. చెంచాతో తీసుకుని, పక్క గదిలో వాళ్ళు ఉలిక్కిపడేంత చప్పుడుతో జుర్రి, నోరంతా తిప్పి, పక్కనున్న ఇత్తడి డబ్బాలో తుపుక్కున ఉమ్మేసేవాడు. రోజుకు నూరు గుక్కలు మింగితే మనిషికి నిద్రేం పడుతుంది? ఆ పనిలో ఉన్నవాళ్ళందరూ ఉమ్మేవాళ్ళే. అయినా చాటుగా మేం ఆయన్ని తుపుక్కాయన అనేవాళ్ళం. ఆ సంగతి ఆయనకూ తెలుసు. "నా వెనక ఎన్ని కూతలైనా కూయండి, నా ముందు గింజ మాడ్చకండి" అనేవాడు.

తమ తోట కాఫీని మాత్రం ఎన్నడూ ఉమ్మలేదు. వాళ్ళ నాన్న పై వాలు మీద రాళ్ళు ఏరి, కావడితో నీళ్ళు మోసి పెంచిన చెట్లవి. "మనది మాత్రమే మింగాలి. పండించిన ఇంటివాడే ఉమ్మితే ఇక ఊరికేం చెబుతాంరా?" అని ఆ తండ్రి పెట్టిన నియమం. తండ్రి పోయాక తోట వ్యవహారం చెల్లెలు చూసుకునేది. అన్నయ్య అలవాటునే ఆవిడ పొట్లం మీద అచ్చు వేయించింది: "లోకంలోని కాఫీలన్నీ ఉమ్మేసిన మనిషి మింగే కాఫీ." ఒకే తోట, ఒకే వాలు, వేరే గింజ కలవదు. కొనేవాళ్ళు దూరాల నుంచి వచ్చి, ఆయన గుటక వేయడం కళ్ళారా చూసి మరీ కొనేవాళ్ళు.

చెల్లెలికి రుచి నేర్పిందీ ఆయనే. చిన్నప్పుడు కళ్ళకు గంతలు కట్టి, పది గిన్నెలు వరసగా పెట్టి, మన తోటది ఏదో చెప్పమనేవాడట. తప్పు చెబితే నెత్తిన మొట్టికాయ. నాకూ అలాగే నేర్పాడు. నేను ఆయన్ని బాబాయ్ అంటాను. మా మధ్య రక్తసంబంధం ఏమీ లేదు, మొట్టికాయల చుట్టరికమే.

మూడేళ్ళ క్రితం గోదాం నిచ్చెన మీంచి పడి ఆయన మోకాలు చితికింది. కొండ ఎక్కడం ఆగిపోయింది. ఆ మరుసటి ఏడే పై వాలు చెట్లకు కాండం తొలిచే పురుగు పట్టింది. గట్టు వార ఓ నలభై చెట్లు తప్ప అన్నీ పోయాయి. చెల్లెలు చచ్చిన చెట్లను నరికించి, తగలబెట్టించి, మమ్మల్నందరినీ షెడ్డులోకి పిలిచింది.

"అన్నయ్యకు చెప్పకండి. ఆ కాలితోనే పాక్కుంటూ పైకి పోతాడు. ఆ మోడులు చూస్తే బతకడు. పైగా తోట లేదని తెలిస్తే మనలో ఎవరి పొయ్యిలోనూ పిల్లి లేవదు. కొత్త మొక్కలు కాపుకొచ్చేదాకా నేను ఎలాగో నెట్టుకొస్తాను."

అందరూ తలూపారు. నేనూ ఊపాను. ఆయన మీద ప్రేమతోనే ఊపాననుకున్నాను. అందులో జీతం మీద ప్రేమ కూడా ఉందని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

ఇక నాటకం మొదలైంది. కోతల రోజుల్లో పై వాలు నుంచి దోసెడు పళ్ళు తెప్పించుకుని కొరికి చూడటం ఆయన అలవాటు. కోతకు వెళ్ళే ఆడవాళ్ళు ఆ నలభై చెట్ల పళ్ళే తెచ్చి చేతిలో పోసేవాళ్ళు. "కాపెలా ఉందే?" అంటే "విరగకాసింది పెద్దాయనా!" అనేవాళ్ళు. చెల్లెలేమో అవతలి కొండల గింజలు తెప్పించి, ఏది ఎంత కలిపితే నాన్న చెట్ల తీపి వస్తుందో వారాల తరబడి నాతో వేయించి రుచి చూసింది. అన్న నేర్పిన విద్యతోనే అన్నకు గంతలు కట్టింది. ఆ ఏడాది కొనేవాళ్ళ ముందు పెద్దాయన జుర్రాడు, ఓ క్షణం ఆగాడు, మింగాడు. చెల్లెలు బయటికి వెళ్ళి గోడవార నిలబడి ఏడ్చింది.

ఈ ఏడు అవతలి కొండల్లో వానలు ఎక్కువై గింజ చప్పబడింది. ఆవిడ ఎన్ని తంటాలు పడ్డా పాత రుచి కుదరలేదు. అయినా కొనేవాళ్ళు ముగ్గురు వచ్చేశారు. బల్ల మీద గిన్నెలు పెట్టాం. పెద్దాయన చెంచా ముంచి జుర్రి, నోరు తిప్పడం మధ్యలో ఆపేశాడు. బుగ్గలు అలాగే ఉబ్బి ఉన్నాయి. చెల్లెలి వంక చూశాడు. ఆవిడ కిటికీ వంక చూసింది. నా వంక చూశాడు. నేను నేల చూశాను.

ఇత్తడి డబ్బా దగ్గరికి లాక్కుని ఉమ్మేశాడు.

పొట్లం మీది మాట కొనేవాళ్ళకూ తెలుసు. ఒక్కొక్కరే లేచి, సంచులు సర్దుకుని వెళ్ళిపోయారు.

"పై వాలు ఎప్పుడు పోయింది?" అన్నాడు ఆయన.

"రెండేళ్ళయింది అన్నయ్యా. పురుగు పట్టింది. నువ్వు తట్టుకోలేవని..."

"ఎవరెవరికి తెలుసు?"

ఆయన నా వైపు తిరిగాడు. "నీక్కూడానా అమ్మాయ్?"

"తెలుసు బాబాయ్."

చాలాసేపు చెంచా తుడుస్తూ కూర్చున్నాడు. ఎప్పుడో ఆరిపోయిన చెంచాను తుడుస్తూనే ఉన్నాడు. తర్వాత తల ఎత్తాడు.

"అయితే అప్పట్నుంచీ నేను మింగింది ఏంటి?"

చెల్లెలు ఆయన కాళ్ళ దగ్గర కూలబడింది. "చెట్లు పోతే పోయాయే. పురుగుకేం తెలుసు? నాన్న చెప్పింది ఒకే ఒక్క మాట. దాన్ని నాతోనే తప్పించావు" అని, ఆయన కర్ర అందుకుని లేచాడు.

ఆ నలభై చెట్ల పళ్ళు కొన్ని నేను ముందే విడిగా ఎండబెట్టి దాచాను. చేసే తప్పులో ఒక మూలైనా శుభ్రంగా ఉండాలనిపించింది కాబోలు. ఆ సాయంత్రమే ఆ గింజలు వేయించి, మర్నాడు పొద్దున్నే కాఫీ కలిపి ఆయన ఇంటికి పట్టుకెళ్ళాను. వరండాలో మోకాలు స్టూలు మీద పెట్టుకుని ఉన్నాడు.

"బాబాయ్, ఇది మన తోటదే. గట్టు వార చెట్లవి. ఒట్టు."

గిన్నె అందుకుని చప్పుడు లేకుండా ఒక గుక్క తీసుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. ముఖం మెత్తబడింది. ఆ నాలుక పోల్చుకుంది, నాకు తెలుసు. గొంతు కదులుతుందని చూస్తున్నాను.

కళ్ళు తెరిచి నా చేతుల వంక చూశాడు. పక్కకు వంగి మట్టిలో ఉమ్మేశాడు.

"మన తోటది కాదా బాబాయ్?" అన్నాను. ఏడుపు ఆగలేదు.

"తోటదేనమ్మా" అన్నాడు. "తెచ్చింది నువ్వు."

గిన్నె నా చేతిలో పెట్టి, లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.