తోడల్లుడి కారు మైలేజీ

మా తోడల్లుడంటే నాకు కుళ్ళు. దాన్ని మర్యాదగా ఇంకో పేరుతో చెప్పే ఓపిక నాకు లేదు. ఆయన మా ఆవిడ చెల్లెలి మొగుడు. రాజోల్లో ఉంటారు, ఓడలరేవు గ్యాసు పనుల్లో కాంట్రాక్టులు చేస్తారు. నేను కొత్తపేటలో కొబ్బరితోట చూసుకుంటాను. పోనీ మనిషి చెడ్డవాడా అంటే అదీ కాదు. ఎక్కడ కనపడినా "అన్నయ్యగారూ" అని నోరారా పిలుస్తారు. ఒక్కసారైనా పుల్లవిరుపుగా మాట్లాడి ఉంటే నాకు కాస్త హాయిగా ఉండేది.

నేను కారు కొన్న ఏడాదే ఆయనా కొన్నారు. అదే కంపెనీ, అదే మోడలు, ఆఖరికి రంగు కూడా అదే తెలుపు. "అన్నయ్యగారు ఏరేరంటే ఇంక చూసుకోనక్కర్లేదని అదే తీసుకున్నానండి" అన్నారు. అంత వినయమేమిటో అని చుట్టాలందరూ మురిసిపోయారు. నాకు మాత్రం పెళ్ళికి నేను కుట్టించుకున్న చొక్కాలాంటిదే పక్కవాడూ తొడుక్కొచ్చినట్టు ఉంది.

మా మావగారు అమలాపురంలో ఉంటారు. రిటైరైన లెక్కల మాస్టారు. ఆయనకి కారు నడపడం రాదు గాని, ఎవరి కారు ఎక్కినా "మైలేజీ ఎంతొస్తందండి?" అన్నదే మొదటి ప్రశ్న. చుట్టాలింట్లో ఏ శుభకార్యమైనా అల్లుళ్ళిద్దరం ముందు ఆయనింటికి చేరాలి. వెళ్ళాల్సింది రావులపాలెం వైపయినా సరే, నేను కొత్తపేట నుంచి వెనక్కి అమలాపురం వచ్చి, మళ్ళీ మా ఇంటిముందు నుంచే వెళ్ళాలి. అక్కడ కొబ్బరికాయ కొట్టాక పెద్దల్లుడి కారు ముందు, చిన్నల్లుడి కారు వెనక. మావగారు ముందు కారులో, ముందు సీట్లో, నా పక్కన. ఆ ఇంట్లో పెద్దల్లుడిగా నాకు దక్కిన మర్యాద అదొక్కటే. దాన్ని నేను చిన్న విషయం అనుకోలేదు, ఇప్పటికీ అనుకోను.

అలా ఉండగా తోడల్లుడు ఒకరోజు కారుకి అలాయ్ చక్రాలు వేయించుకుని దిగారు. కంపెనీ ఇచ్చినవి పదిహేను అంగుళాలు, ఇవి పదహారు. తోమిన వెండికంచాల్లా మెరుస్తున్నాయి. వీధిలో వాళ్ళు ఆగి మరీ చూశారు. అత్తగారు చక్రాలకి బొట్లు పెట్టి, కింద పెట్టి తొక్కించడానికి పెరట్లో చెట్టునుంచి నిమ్మకాయలు కోసుకొచ్చారు. నా కారు కొన్నప్పుడు ఫ్రిజ్‌లోవి తీసి పెట్టారు. "నిమ్మకాయలు కూడా గుర్తుపెట్టుకుంటారా ఎవరైనా?" అని మా ఆవిడ అడిగింది. నేను పెట్టుకుంటాను.

కడుపుమంట చల్లారక నేను రాజమండ్రి వెళ్ళాను. టైర్ల షాపులో ఏ సైజు కావాలని అడిగారు. పదహారుకంటే పెద్దవి అన్నాను. పదిహేడు ఈ కారుకి ఎక్కువవుతాయని, దానికి వేయమని నేను వేలు పెట్టి చూపించిన టైరు ఎత్తూ లావూ కూడా ఎక్కువేనని, బండి బరువెక్కిపోతుందని చెప్పి చూశారు. నేను వినలేదు. వేయించుకుని వస్తుంటే దారంతా షాపుల అద్దాల్లో నా కారునే చూసుకున్నాను.

ఆ సంబరం రెండుసార్లు పెట్రోలు పోయించేసరికి దిగిపోయింది. బండి కదలాలంటే ఇంజను మూలుగుతోంది. మలుపు తిప్పాలంటే చేతులు లాగుతున్నాయి. టాంకు నింపించి, మళ్ళీ నింపించేటప్పుడు మీటరు చూసి లెక్క కట్టుకోవడం నాకు మొదటినుంచీ అలవాటు. లీటరుకి పద్దెనిమిది ఇచ్చిన కారు పద్నాలుగు ఇస్తోంది. సరే, తోడల్లుడి కారుకీ ఇలాగే అయి ఉంటుందిలే అని సరిపెట్టుకున్నాను. ఆ ముచ్చటా తీరలేదు. మావగారింట్లో భోజనాల దగ్గర ఆయన, "అలాయ్‌లు వేయించాక పందొమ్మిది దాకా వస్తందండి, ఎందుకో మరి" అన్నారు.

"మీకెంతండి?" అని మావగారు నావైపు తిరిగారు. అబద్ధం చెబుదామనుకున్నాను గాని పక్కన మా ఆవిడ ఉంది. పద్నాలుగు అని చెప్పాను. ఆ తరవాతి ప్రయాణానికే మావగారు నా కారు దాటుకుని వెళ్ళి వెనక కారెక్కారు. "ఏవీ అనుకోకండి అల్లుడుగారూ, ఆ బండీ ఓసారి చూద్దావని" అన్నారు. ఓసారి అన్నవారు ఇక రానే లేదు. నా పక్క సీట్లోకి పళ్ళబుట్ట వచ్చింది. పేరుకి నా కారే ముందు. ఇంటి పెద్దమనిషి మాత్రం వెనక కారులో. అరికాలి మంట నెత్తికెక్కింది నాకు.

మొన్న వేసవిలో రాయవరంలో గృహప్రవేశానికి వెళ్ళాం. బయల్దేరే ముందు మావగారు, "దూరం ఎంతో చూద్దావు, ఇద్దరూ మీటర్లు సున్నా చేసుకోండి" అన్నారు. చేశాం. దారిలో ఎక్కడా విడిపోలేదు. రావులపాలెం, జొన్నాడ, మండపేట మీదుగా తోడల్లుడు నా వెనకే వచ్చారు. రాయవరంలో పందిరి పక్కన కార్లు ఆపి అందరూ లోపలికి వెళ్ళాక, నేను ఆయన కారు అద్దంలోంచి తొంగిచూశాను. నా మీటరు అరవై ఒకటి చూపించింది. ఆయనది అరవై ఆరు.

ఒకే గుమ్మం నుంచి ఒకే పందిరి దాకా, ఒకే రోడ్డు. అక్కడే నిలబడి రెండు చక్రాలూ పక్కపక్కన పరిశీలించాను. ఆయన చక్రం పెద్దదేగాని, దానిమీద రబ్బరు పల్చటి పట్టీలా ఉంది. మొత్తం ఎత్తు కంపెనీ టైరుకంటే తక్కువే. నాది కంపెనీదానికంటే ఎత్తు. మీటరుకి రోడ్డు తెలీదు, చక్రం ఎన్నిసార్లు తిరిగిందో అదే తెలుసు. పొట్టి చక్రం ఎక్కువసార్లు తిరుగుతుంది కాబట్టి ఆయన మీటరు వెళ్ళని దూరం కూడా వెళ్ళినట్టు చూపిస్తోంది. నాది వెళ్ళినదాన్ని తగ్గించి చూపిస్తోంది. పందొమ్మిది ఉత్తదే! ఆనందంలో నాకు పంక్తిలో ఏం వడ్డించారో కూడా తెలియలేదు.

"తిరుగు ప్రయాణం నా బండిలో రండి మావయ్యగారూ, ఒక సంగతి చెప్పాలి" అని బతిమాలి ఎక్కించుకున్నాను. వెనక సీట్లో అత్తగారూ మా ఆవిడా నిద్రపోయారు. మండపేట దాటిన దగ్గర్నుంచి గౌతమి వంతెన దాకా మొత్తం విప్పి చెప్పాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నారు.

"ఆయ్. లెక్క సరిగ్గానే పట్టేరండి" అన్నారు. "అంటే ఆయన పందొమ్మిది నిజానికి పద్దెనిమిది చిల్లర. మీ పద్నాలుగు పదిహేను దగ్గర. మీటరు తేడా తీసేసినా మీదే ఎక్కువ తాగుతందండి. అంత లావు టైర్లు ఈడ్చాలి కదా."

"పాత చక్రాలు వేయించేస్తానండి. అప్పుడు ఇద్దరిదీ ఒకటే. మీరు మళ్ళీ నా బండిలోనే రావచ్చు" అన్నాను.

కొత్తపేట సెంటరు దాటాక మావగారు వెనక సీటువైపు ఒకసారి చూసి గొంతు తగ్గించారు.

"నేను మైలేజీ కోసం బండి మారేననుకుంటన్నారా అల్లుడుగారూ?"

"మరెందుకండి?"

"మీ పక్కన కూర్చుంటే దారి పొడుగూతా చిన్నల్లుడి గురించేనండి. ఆయన చక్రాలు, ఆయన కాంట్రాక్టులు, ఆయనకి మీ అత్తగారు వడ్డించిన నెయ్యి. ఇవాళా అంతే, మండపేట నించీ. పెద్దవాణ్ణి, వినలేకపోతన్నానండి."

మొహం మాడిపోయింది నాకు. తప్పయిందనో, ఇక అననండి అనో చెప్పాల్సిన చోటు అది. నా నోట్లోంచి మాత్రం వేరే ప్రశ్న వచ్చింది.

"ఆయన బండిలో వెళ్తున్నప్పుడు ఆయన నా గురించి ఏమంటారండి?"

మావగారు నిజంగానే గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించారు. నుదురు ముడిపెట్టి, కిటికీలోంచి చూస్తూ చాలాసేపు ఆలోచించారు.

"ఏవీ అనరండి. మీ ఊసు రాదు" అన్నారు.

అద్దంలో చూశాను. వెనక కారులో తోడల్లుడు పెళ్ళాంతో ఏదో చెప్పి నవ్వుతున్నారు. నా గురించే అయితే బాగుండునని అనుకున్నాను.