కళ్ళు ఆఖర్న తెరిచిన కారు

నేను సొంతంగా కట్టుకుంటున్న చిన్న కారుకి ఇవాళ ఫైబర్ బాడీ కోయించాను. ఉన్నది ఒక్కటే బాడీ, గీత తప్పితే మొదటికే మోసం. అందుకే ఫైబర్‌తో దేవుడి విగ్రహాలు చేసే ఆచారిగారిని జగ్గయ్యపేట నుంచి నందిగామలోని మా షెడ్డుకి పిలిచాను. ఆయన కిటికీలకి, వెనక లైట్లకి కోసి, హెడ్‌లైట్లకి నేను గీసిన సున్నాలు మాత్రం వదిలేశారు.

"ఇవి మర్చిపోయారండి," అన్నాను.

"మర్చిపోలా బాబూ. విగ్రహానికైనా కారుకైనా కళ్ళు ఆఖర్నేగా తెరిచేది! అద్దం పట్టుకుని ఎదురుగా నుంచోండి. ముందు తన మొహం తనే చూసుకోవాలి."

నవ్వాపుకుని, ఇంకా బిగించని సైడ్ మిర్రర్ పట్టుకుని నిలబడ్డాను. కట్టర్ ఆగింది. తెల్లటి పొడి మంచులా తేలుతుంటే, రెండు కళ్ళలోంచి సాయంత్రపు ఎండ నా మీద పడింది.

ఇంజిన్ ఇంకా రాలేదు. అయినా ఇంటికొచ్చేటప్పుడు షెడ్డులో లైటు ఆర్పబుద్ధి కాలేదు. మీరైతే ఆర్పేవారా?